వేడికి కొనుగోలుదారు ఉంటేనే కరెంటు చవక

బొగ్గుతో నడిచే మామూలు థర్మల్ కేంద్రంలో ఇంధనంలోని శక్తిలో మూడో వంతు, మహా అయితే అంతకు కాస్త ఎక్కువ, కరెంటుగా మారుతుంది. మిగతాదంతా కూలింగ్ టవర్ల నుంచీ పొగగొట్టం నుంచీ గాలిలో కలిసిపోతుంది, లేదా పక్కనున్న నది నీటిని వెచ్చబరిచి ఊరుకుంటుంది. మరోవైపు కాగితం మిల్లు ఆవిరి కోసం, రసాయన కర్మాగారం వేడినీటి కోసం, శీతల దేశాల్లోని పట్టణాలు ఇళ్లను వెచ్చగా ఉంచుకోవడం కోసం వేరుగా ఇంధనం కాలుస్తూనే ఉంటాయి. ఈ రెండు అవసరాలనూ ఒకే మంటతో తీర్చేది కోజనరేషన్ కేంద్రం. ముందు కరెంటు తీసుకుని, మిగిలిన వేడిని పారబోయకుండా అమ్ముకోవడం దాని పద్ధతి.

వినడానికి ఇంత తేలికగా ఉన్న ఆలోచన కొన్ని దేశాల్లో ఊరూరా పాకి, మరికొన్ని చోట్ల కర్మాగారాల ప్రహరీ దాటకపోవడానికి కారణం యంత్రాల్లో కనిపించదు. ఇంజిన్లు, టర్బైన్లు, బాయిలర్లు అన్నీ దశాబ్దాలుగా తెలిసినవే. చిక్కంతా జమాఖర్చుల్లో ఉంది. కరెంటు అమ్మే కేంద్రం కాబట్టి కరెంటు ధరే దాని తలరాత రాస్తుందని అనుకుంటాం. లెక్క విప్పి చూస్తే లాభనష్టాలను తేల్చేది వేడి. దాన్ని కొనేవారు పక్కనే ఉన్నారా, ఏడాదిలో ఎన్ని గంటలు కొంటారు, సొంతంగా తయారుచేసుకుంటే వారికి ఎంత పడుతుంది అన్నవి తెలిస్తే తప్ప యంత్రం ఎంత మంచిదైనా ప్రాజెక్టు గురించి ఏమీ చెప్పలేం.

85 శాతం అనే అంకె

కోజనరేషన్ గురించి రాసిన ఏ కరపత్రం తిప్పినా మొదట కనబడేది మొత్తం దక్షత. 80, 85, ఒక్కోసారి 90 శాతం. అంకె అబద్ధం కాదు గానీ అది చెప్పేది చాలా తక్కువ. ఒక యూనిట్ కరెంటునూ ఒక యూనిట్ గోరువెచ్చని నీటినీ సమానంగా చూసి కూడితే వచ్చే అంకె అది. బజారులో ఆ రెండింటి విలువ ఎప్పుడూ ఒకటి కాదు.

ఒక గ్యాస్ ఇంజిన్‌ను తీసుకుందాం. 100 యూనిట్ల గ్యాస్ మండిస్తే 40 యూనిట్ల కరెంటు, 45 యూనిట్ల వేడి వస్తాయి, 15 పోతాయి. మొత్తం దక్షత 85 శాతం. పక్కనే చిన్న ఆవిరి టర్బైన్ ఉందనుకుందాం. దానిలో 20 యూనిట్ల కరెంటు, 65 యూనిట్ల వేడి. దాని దక్షతా 85 శాతమే. ఇప్పుడు ఇదే సరుకును విడివిడిగా తయారుచేస్తే ఎంత ఇంధనం కావాలో చూడాలి. కరెంటును 50 శాతం దక్షతతో నడిచే గ్యాస్ కేంద్రం నుంచి, వేడిని 90 శాతం దక్షత ఉన్న బాయిలర్ నుంచి తెచ్చుకుంటే, ఇంజిన్ ఇచ్చినదానికి 80 యూనిట్లూ 50 యూనిట్లూ కలిపి 130 యూనిట్ల గ్యాస్ కావాలి. అంటే ఇంజిన్ వల్ల ఆదా 130కి 30, సుమారు 23 శాతం. టర్బైన్ ఇచ్చినదానికి 40, 72 కలిపి 112 యూనిట్లు చాలు. ఆదా 11 శాతానికి కాస్త తక్కువ. ఒకే 85 శాతం, ఆదా మాత్రం సగానికి సగం తేడా.

పోల్చే కొలబద్ద మారినా ఫలితం మారుతుంది. గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి టర్బైన్‌నూ తిప్పి రెండుసార్లు కరెంటు తీసే నేటి మేటి కంబైన్డ్ సైకిల్ గ్యాస్ కేంద్రాలు 60 శాతం దక్షతను అందుకుంటున్నాయి. వాటితో పోలిస్తే మన ఇంజిన్ ఆదా 23 నుంచి 14 శాతానికి దిగుతుంది. ఇంజిన్‌లో ఏ మార్పూ లేదు, ఎదుటివాడు మెరుగయ్యాడు, అంతే. యూరోపియన్ యూనియన్ చట్టం ఈ సంగతి గ్రహించే మొత్తం దక్షతతో సరిపెట్టకుండా విడివిడి ఉత్పత్తితో పోల్చి కనీసం 10 శాతం ఇంధనం ఆదా చేస్తేనే ఆ కేంద్రాన్ని అధిక దక్షత గలదిగా గుర్తిస్తుంది. ఒక మెగావాట్ లోపు చిన్న యంత్రాలకు మాత్రం ఎంతో కొంత ఆదా ఉంటే చాలు.

అమెరికా ఇంకో దారి తొక్కింది. 1978లో వచ్చిన పర్పా చట్టం గ్రిడ్ సంస్థలు కోజనరేషన్ కరెంటును తప్పనిసరిగా కొనాలంది. ధర ఎంతంటే, ఆ కరెంటును తామే తయారుచేసుకుంటే లేదా ఇంకెక్కడైనా కొంటే సంస్థకు అయ్యే ఖర్చంత. చమురు, గ్యాస్ వాడే కేంద్రాల అర్హత తేల్చే సూత్రంలో కరెంటును పూర్తిగా, వేడిని సగమే లెక్కలోకి తీసుకున్నారు. ముతక కొలతే, కానీ 85 శాతం అనే అంకె కంటే నిజాయితీ గలది. 1980లో సుమారు 12,000 మెగావాట్లున్న అమెరికా కోజనరేషన్ సామర్థ్యం 2000 నాటికి 66,000 దాటింది. అదే చట్టంలో ఒక కంత కూడా ఉంది: ఉపయోగపడే వేడి మొత్తం ఉత్పత్తిలో 5 శాతం ఉంటే చాలు, అర్హత దక్కేది. దాంతో భారీ విద్యుత్ కేంద్రం కట్టి, పక్కన పేరుకు ఒక గ్రీన్‌హౌస్‌నో స్వేదనజలం యూనిట్‌నో నిలబెట్టినవాళ్లు తయారయ్యారు. వాటికి పర్పా యంత్రాలని పేరు పడింది. వేడిని నిజంగానే ఉత్పాదక అవసరానికి వాడుతున్నారా లేదా అని నిలదీసే సవరణ 2005లో గానీ రాలేదు.

కరెంటు యూనిట్‌కు ఎంత గ్యాస్

నిర్వాహకుడి కళ్లతో చూస్తే లెక్క మరీ సూటిగా ఉంటుంది. ఇంజిన్ 100 యూనిట్ల గ్యాస్ తాగింది. అది ఇచ్చిన 45 యూనిట్ల వేడి లేకపోతే బాయిలర్‌లో 50 యూనిట్లు కాల్చాల్సివచ్చేది. ఆ ఖర్చు తప్పింది కాబట్టి దాన్ని తీసేస్తే కరెంటు ఖాతాలో పడేది 50 యూనిట్ల గ్యాసే. 40 యూనిట్ల కరెంటుకు 50 యూనిట్ల గ్యాస్, అంటే యూనిట్‌కు 1.25. వేడి కొనే నాథుడు లేనిరోజు ఇదే ఇంజిన్‌లో యూనిట్ కరెంటుకు 2.5 యూనిట్ల గ్యాస్ పడుతుంది. సరిగ్గా రెట్టింపు. మామూలు గ్యాస్ కేంద్రం 2 యూనిట్లతోనే ఆ పని చేస్తుంది. వేడిని గాలికి వదిలే కోజనరేషన్ ఇంజిన్ నాసిరకం విద్యుత్ కేంద్రమే తప్ప మరేమీ కాదు.

ఇక్కడే వింతగా తోచే ఒక పర్యవసానం ఉంది. గ్యాస్ ధర పెరిగితే గ్యాస్ కోజనరేషన్‌కు దెబ్బ అని సహజంగా అనుకుంటాం. టోకు మార్కెట్‌లో ఆ గంటకు అవసరమైన కేంద్రాలన్నిటిలో అత్యంత ఖరీదైనదే ధర నిర్ణయిస్తుంది. ఆ చివరి కేంద్రం 50 శాతం దక్షత గల గ్యాస్ కేంద్రమైతే కరెంటు ధర గ్యాస్ ధరకు రెట్టింపు దగ్గర నిలుస్తుంది. మన ఇంజిన్ ఖర్చు 1.25 రెట్లు. మధ్యలో మిగిలేది గ్యాస్ ధరలో ముప్పావు వంతు. గ్యాస్ ధర రెట్టింపైతే ఆ మిగులు కూడా రెట్టింపవుతుంది. 2022 ఆగస్టులో యూరప్‌లో గ్యాస్ టోకు ధర మెగావాట్-అవర్‌కు 300 యూరోలు దాటిన రోజుల్లో, కరెంటును ముందుగానే తక్కువ ధరకు అమ్మేసుకోని, వేడికి గిరాకీ ఉన్న కేంద్రాలకు ఈ లెక్క అనుకూలించింది. దానికి తిరగబడ్డ లెక్క కూడా ఉంది. గాలి బాగా వీచి పవన విద్యుత్తు ధర నిర్ణయించే గంటల్లో కరెంటు ధర గ్యాస్‌తో సంబంధం తెంచుకుంటుంది. అప్పుడు 1.25 రెట్ల ఖర్చు కూడా భారమే. కాబట్టి కోజనరేషన్‌కు అసలు శత్రువు ఖరీదైన గ్యాస్ కంటే చవకైన కరెంటు.

సొంత ఆవరణలో ఇంజిన్ పెట్టుకున్న ఆసుపత్రి, హోటల్, కర్మాగారాలకు ఇంకో మెలిక. తామే వాడుకునే ప్రతి యూనిట్‌కూ రిటైల్ బిల్లు తప్పుతుంది, అందులో లైన్ల చార్జీలు, పన్నులు కలిసి ఉంటాయి. మిగిలినది గ్రిడ్‌కు అమ్మితే దక్కేది టోకు ధర. ఈ రెండింటి మధ్య అంతరం చాలా చోట్ల పెద్దది. అందుకే అనుభవజ్ఞులు అమ్మకం మీద ఆశతో యంత్రాన్ని పెంచరు. విద్యుత్ సంస్థలు ఊరుకోవు కూడా: ఇంజిన్ ఆగిన రోజు కరెంటు అందించడానికి సిద్ధంగా ఉన్నందుకు స్టాండ్‌బై చార్జీ వేస్తాయి. ఎన్నో చిన్న ప్రాజెక్టులు ఆ ఒక్క పద్దు దగ్గరే ఆగిపోయాయి.

గంటలే పెట్టుబడికి ప్రాణం

ఏడాదికి 8,760 గంటలు. ఇంజిన్ 6,000 గంటలు నిండుగా తిరిగితే వడ్డీ, తరుగుదల భారం అన్ని గంటల ఉత్పత్తి మీదా పరుచుకుంటుంది. 2,000 గంటలే తిరిగితే యూనిట్ మీద పడే భారం మూడింతలు. యంత్రం ఎంత పెద్దది కావాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. శీతల దేశపు పట్టణంలో వేడి అవసరం చలి ముదిరిన కొద్ది రోజులే శిఖరానికి చేరుతుంది. వేసవిలో స్నానాల నీటికి తప్ప గిరాకీ ఉండదు. ఆ శిఖరానికి తగ్గట్టు కోజనరేషన్ కడితే ఏడాదిలో ఎక్కువ భాగం నిద్రపోతుంది. శిఖరంలో సగానికి సరిపడా కడితే ఏడాది మొత్తం వేడిలో సుమారు 80 నుంచి 90 శాతం దాన్నుంచే వస్తుంది, మిగిలిన కొద్ది గంటలకు చవకైన బాయిలర్లు చాలు. ఏడాది పొడవునా రాత్రింబవళ్లు ఆవిరి కోరే కాగితం, రసాయన, చమురు శుద్ధి కర్మాగారాల్లో ఈ సమస్య అసలు రాదు. కోజనరేషన్ అక్కడ ముందుగా, సబ్సిడీల ఊతం లేకుండానే కుదురుకోవడానికి కారణం ఇదే.

చక్కెర మిల్లులది ప్రత్యేకమైన కథ. చెరకు పిప్పికి కొనుగోలు ధర లేదు. ఒకప్పుడు దాన్ని వదిలించుకోవడమే మిల్లుకు పని కాబట్టి తక్కువ పీడనం, తక్కువ దక్షత ఉన్న బాయిలర్లు కావాలనే పెట్టేవారు. గ్రిడ్‌కు అమ్మే వీలు వచ్చాక అధిక పీడనపు బాయిలర్లు వచ్చాయి, అదే పిప్పి నుంచి మిల్లు అవసరం తీరాక కూడా కరెంటు మిగలసాగింది. సమస్యల్లా క్రషింగ్ సీజన్ ముగిశాక యంత్రం ఏం చేయాలన్నది. మారిషస్‌లో ఆ నెలల్లో బొగ్గు కాల్చి నడిపే పద్ధతి ఎంచుకున్నారు.

కరెంటును వందల కిలోమీటర్లు పంపవచ్చు. వేడి అంత దూరం రాదు. ఆవిరి కొన్ని కిలోమీటర్లు, వేడినీరు పెద్ద గొట్టాల్లో కొన్ని పదుల కిలోమీటర్లు. గొట్టాలు వేయడం ఖరీదైన పని, అందులో నష్టం సాధారణంగా 10 నుంచి 20 శాతం. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న నగరంలో ఒక మీటరు గొట్టం చాలా వేడిని అమ్మిపెడుతుంది. ఇళ్లు విసిరేసినట్టు ఉన్నచోట అదే మీటరు పెట్టుబడిని మింగి కూర్చుంటుంది. దూరం తెచ్చే మరో చిక్కు, ఒకరికొకరు కట్టుబడిపోవడం. కేంద్రానికి ఆ కర్మాగారం తప్ప వేరే గిరాకీ లేదు, కర్మాగారానికి ఆ ఆవిరి తప్ప వేరే దిక్కు లేదు. కర్మాగారం మూతపడితే కోజనరేషన్ కేంద్రం ఒక్కరోజులో 1.25 నుంచి 2.5 లెక్కకు పడిపోతుంది. ఆవిరి కొనుగోలు ఒప్పందాల్లో కాలపరిమితి, కనీస కొనుగోలు షరతుల మీద అన్ని నెలలు బేరాలు సాగేది అందుకే.

ఉమ్మడి ఖర్చును పంచేదెలా

గానుగ ఆడితే నూనె, తెలకపిండి రెండూ వస్తాయి. ఆడించిన కూలిలో నూనెది ఎంత, పిండిది ఎంత అంటే ప్రకృతి చెప్పే జవాబు ఏదీ లేదు. కోజనరేషన్‌లో ఇంధన ఖర్చుదీ అదే పరిస్థితి. మన ఇంజిన్ 100 యూనిట్ల గ్యాస్‌లో వేడి వాటా ఎంత? శక్తి పరిమాణాన్ని బట్టి పంచితే 53 శాతం. విడివిడిగా చేస్తే ఎంత అయ్యేదో చూసి ఆ నిష్పత్తిలో పంచితే 38. ఆ వేడి నుంచి సూత్రప్రాయంగా ఎంత పని రాబట్టవచ్చో చూసి పంచితే, 90 డిగ్రీల నీటికి 18 దరిదాపుల్లో. డెన్మార్క్ అధికారిక గణాంకాల్లో వాడే ఒక పద్ధతి వేడిని 200 శాతం దక్షతతో తయారైనట్టు భావిస్తుంది, అలా చూస్తే 22.5. అదే దేశంలో 125 శాతం అనుకునే పద్ధతీ ఉంది, దాని ప్రకారం 36.

ఇదంతా అకౌంటెంట్ల కాలక్షేపంలా కనిపిస్తే పొరపాటే. వేడి కొనే గృహస్థుల బిల్లు, కరెంటు మీద చూపించే కార్బన్ ఉద్గారం, పన్ను భారం ఈ ఎంపిక మీదే ఆధారపడతాయి. వేడి వాటా తగ్గించి చూపితే ఇళ్ల యజమానులకు సంతోషం, కరెంటు మురికిదిగా కనిపిస్తుంది. పెంచితే తారుమారు. కార్బన్ ధర విషయంలో యూరప్‌లో ఒక అసమానత చాలాకాలం కొనసాగింది. 20 మెగావాట్లకు మించి ఇంధనం వాడే కేంద్రం ఉద్గార అనుమతులు కొనాలి, ఇంట్లో గ్యాస్ బాయిలర్ ఆ పథకం పరిధిలోకి రాదు. తక్కువ ఇంధనంతో వేడి ఇచ్చే కేంద్రం కార్బన్ రుసుము కడుతుంటే, ఎక్కువ కాల్చే బాయిలర్ ఆ పథకంలో ఏమీ కట్టకుండా దానితో పోటీ పడింది.

పెద్ద ఆవిరి టర్బైన్ల దగ్గర వేడి ఖర్చును ఇంకొంచెం నికార్సుగా చెప్పే వీలుంది. ఆవిరిని చివరిదాకా వ్యాకోచించనివ్వకుండా మధ్యలోనే తీసి పట్టణానికి పంపితే కరెంటు కొంత తగ్గుతుంది. వేడినీటి నెట్‌వర్క్‌కు అవసరమైన ఉష్ణోగ్రతల దగ్గర, వదులుకున్న ఒక్కో యూనిట్ కరెంటుకు 5 నుంచి 8 యూనిట్ల వేడి దక్కుతుంది. అధిక పీడనపు ఆవిరి అడిగితే బేరం ఇంత బాగుండదు, నీరు ఎంత తక్కువ వేడిగా సరిపెట్టుకుంటే అంత బాగుంటుంది. ఇక్కడ వేడి ఖరీదంటే పోగొట్టుకున్న కరెంటు ఖరీదే. రేటు గంటగంటకూ మారుతుంది.

తొట్టి, హీట్ పంపు, గాలి

వేడిని ఊరూరా పంచిన దేశంగా డెన్మార్క్ పేరు ముందు వస్తుంది. చమురు సంక్షోభం తరువాత 1979లో వేడి సరఫరా చట్టం తెచ్చి, ఏ ప్రాంతానికి గొట్టపు వేడి, ఏ ప్రాంతానికి గ్యాస్ అన్నది ప్రణాళిక ప్రకారం విభజించారు. నేడు అక్కడ మూడింట రెండొంతుల ఇళ్లకు వేడి గొట్టాల్లోనే వస్తుంది. 1990లలో పట్టణాల్లోని చిన్న గ్యాస్ ఇంజిన్లకు రోజులోని వేళను బట్టి మూడంచెల కరెంటు ధర ఇచ్చారు. ఫలితంగా ప్రతి చోటా పెద్ద వేడినీటి తొట్టి వెలిసింది. కరెంటు ధర ఎక్కువున్న గంటల్లో ఇంజిన్ నడపడం, వేడిని తొట్టిలో నింపుకోవడం, ధర తగ్గిన రాత్రి ఇంజిన్ ఆపి తొట్టి నుంచి ఇళ్లకు వేడి ఇవ్వడం. కరెంటును నిల్వ చేయడంతో పోలిస్తే నీటిని వేడిగా ఉంచడం ఎంతో చవక. కరెంటూ వేడీ ఒకే క్షణంలో పుట్టినా ఒకే క్షణంలో అమ్ముకోనక్కర్లేని వెసులుబాటు ఆ తొట్టి ఇచ్చింది.

తొట్టి లేనిచోట ఏమవుతుందో ఈశాన్య చైనా చూపించింది. చలికాలంలో ఇళ్లకు వేడి కావాలి కాబట్టి బొగ్గు కోజనరేషన్ కేంద్రాలు ఆగకూడదు, అవి నడిస్తే కరెంటు పుట్టక మానదు. సరిగ్గా అదే కాలంలో గాలి జోరుగా వీస్తుంది. గ్రిడ్‌లో చోటు లేక పవన విద్యుత్తును ఆపేయాల్సి వచ్చింది. అక్కడా తరువాత తొట్లు, విద్యుత్ బాయిలర్లు చేర్చారు.

డెన్మార్క్ ఇంజిన్లకు మూడంచెల ధర నుంచి మార్కెట్ ధరకు మారే సంధికాలంలో ఇచ్చిన స్థిర చెల్లింపు 2018 ముగింపుతో ఆగిపోయింది. పవన విద్యుత్తు పెరిగి అప్పటికే నడిచే గంటలు తగ్గాయి. ఆ స్థానంలోకి వచ్చినవాటిలో, బయటి గాలిలోనో నీటిలోనో ఉన్న వేడిని కరెంటుతో లాగి ఇచ్చే హీట్ పంపు ఒకటి. ఒక యూనిట్ కరెంటుతో 3 యూనిట్ల వేడి ఇచ్చే పంపు పక్కన ఉంటే ఇంజిన్ వేడి విలువను బాయిలర్‌తో కాకుండా పంపుతో పోల్చాలి. గ్యాస్ ధరను 1 అనుకుందాం. కరెంటు ధర 3 అయిన గంటలో పంపు వేడి యూనిట్ 1 పడుతుంది. ఇంజిన్ వేడికి 45 జమ వేస్తే కరెంటుకు మిగిలే ఖర్చు 55, యూనిట్‌కు సుమారు 1.4. అమ్మకం ధర 3. ఇంజిన్ నడపాలి, పంపు ఆపాలి. గాలి వీచి కరెంటు ధర 1కి పడితే పంపు వేడి యూనిట్ మూడో వంతుకే వస్తుంది. ఇంజిన్ వేడికి జమ 15 మాత్రమే, కరెంటు యూనిట్ ఖర్చు 2.1 దాటుతుంది, అమ్మకం ధర 1. ఇంజిన్ ఆగాలి, పంపు తిరగాలి, తొట్టి నిండాలి. పోటీదారులుగా కనిపించే ఆ రెండు యంత్రాలూ ఒకే షెడ్డులో వంతులవారీగా పనిచేసే పరిస్థితి అలా వచ్చింది.

అయితే వంతులవారీగా నడిచే ఇంజిన్‌కు 6,000 గంటలు ఎక్కడివి? జర్మనీ కోజనరేషన్ చట్టం ఈ మార్పును అంకెల్లోకి ఎక్కించింది. సబ్సిడీ వర్తించే నిండు ఉత్పత్తి గంటలను 2021 నుంచి ఏడాదికి 5,000కు, 2023 నుంచి 4,000కు, 2025 నుంచి 3,500కు కుదించింది. ఎన్ని ఎక్కువ గంటలు తిరిగితే అంత మంచిదన్న పాత సూత్రం పక్కకు జరిగి, పెద్ద ఇంజిన్, పెద్ద తొట్టి, తక్కువ గంటలు అన్న అమరిక వచ్చింది. ఏడాదికి అమ్మే వేడి మొత్తం మారకపోయినా, దాన్ని రెట్టింపు సామర్థ్యం గల ఇంజిన్‌తో సగం గంటల్లో తయారుచేస్తారు, మిగతా గంటలకు తొట్టి. అదనపు ఇంజిన్ పెట్టుబడి తిరిగి రావాలంటే నడిచిన ఆ కొద్ది గంటల ధరలు బాగా ఎత్తుగా ఉండాలి, లేదా గాలి లేని చలిరాత్రి కోసం సిద్ధంగా నిలబడినందుకు గ్రిడ్ విడిగా చెల్లించాలి.